మచ్చ వేరు, రంగు వేరు

గత ఏడాది వేసవి చివర నా కుడి చెంప ఎముక మీద ఒక మచ్చ తేలింది. మొదట కందిగింజంత ఉండేది. దసరా నాటికి రూపాయి బిళ్లంత అయింది. నలభై నాలుగేళ్ల మనిషి ముఖాన ఒక మచ్చ పుట్టడం పత్రికలో రాయవలసిన విషయమేమీ కాదు. అయితే దాన్ని చూపించుకోవడానికి వెళ్లినప్పుడు చర్మవైద్యురాలు వేసిన ఒక ప్రశ్న నన్ను వదలలేదు. ఎండలో ఎక్కువగా తిరుగుతారా అని ఆమె అడిగారు. తిరగనన్నాను. తరగతి గది, గ్రంథాలయం, ఇల్లు, ఇదే నా దినచర్య. ‘‘ఇప్పటి సంగతి కాదండీ, చిన్నప్పుడు?’’ అన్నారామె.

చిన్నప్పుడంటే పల్నాడులో మా ఊరి మిరప చేలు. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి కోతలు. బడి లేని ప్రతి రోజూ అమ్మ పక్కన నాకొక సాలు ఉండేది. పదో తరగతి పరీక్షలు రాసిన వేసవి దాకా ఇది సాగింది. మిరప చేలో చెట్టు ఉండదు. గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉండేది కానీ దాని నీడలో మంచినీళ్ల బిందె, ఆసామి మోటారు సైకిలు ఉండేవి. అన్నాలు తినే అరగంట మాత్రమే అది మాకు దక్కేది. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, తలకు తువ్వాళ్లు చుట్టుకుని వంగేవారు. ముఖమొక్కటే మిగిలిపోయేది. అందులోనూ ఎండ ముందుగా పట్టేది చెంప ఎముకలను, నుదుటిని, ముక్కు దూలాన్ని. మా అమ్మకూ, చిన్నమ్మలకూ, పేటలో నలభై దాటిన చాలామంది స్త్రీలకూ ఆ మూడు చోట్లా ముదురు మరకలు ఉండేవి. వాటిని మంగు అనేవారు. కానుపులతో వస్తుందనేవారు. అందులో అబద్ధం లేదు, గర్భధారణ సమయంలో హార్మోన్లలో వచ్చే మార్పు మంగుకు ఒక ముఖ్య కారణమే. కానీ ఎండ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఎండ మా బతుకులో కారణంగా లెక్కకు వచ్చేది కాదు.

తెలుగులో నీడపట్టు అనే మాట ఉంది. చదువుకుంటే నీడపట్టున ఉద్యోగం చేసుకుంటావని అమ్మ అనేది. డాక్టరువో కలెక్టరువో కావాలని ఆమె ఏనాడూ అనలేదు. ఆమె ఆశకు నీడే కొలమానం. మరొక మాట కూడా ఉంది, అసూర్యంపశ్య. సూర్యుణ్ణి చూడనిది అని అర్థం. అంతఃపుర స్త్రీలకు వాడిన విశేషణం ఇది. ఈ పదం ఎలా ఏర్పడుతుందో చెప్పడానికి పాణిని ఏకంగా ఒక సూత్రమే రాశాడు. ఆ అంతఃపురం ఒక చెరసాల కూడా అన్న మాట నిజమే, స్త్రీవాదులు దాన్ని చాలాసార్లు వివరించారు. నా ఆశ్చర్యం మరొకటి. సూర్యుణ్ణి చూడని స్త్రీకి వ్యాకరణంలో పీట వేసిన సంప్రదాయం, నీడను చూడని స్త్రీకి ఒక పేరైనా పెట్టలేదు.

చర్మం గురించి కుల ప్రశ్నల పుటలో రాస్తున్నప్పుడు ఒక ప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. వర్ణమంటే రంగే కనుక కులం పుట్టుక రంగులోనే ఉందని సులువుగా అనేయవచ్చు. అంబేడ్కర్ ఆ సులువును అంగీకరించలేదు. 1936 నాటి ‘కుల నిర్మూలన’లో పంజాబు బ్రాహ్మణుడికీ పంజాబు చమార్‌కూ జాతిపరంగా తేడా ఏముందని నిలదీశాడు. పదేళ్ల తరువాత ‘శూద్రులెవరు?’లో ఆర్య జాతి సిద్ధాంతాన్నే తోసిపుచ్చాడు. మన చుట్టూ చూసినా తెలుస్తుంది. నల్లని బ్రాహ్మణులున్నారు, పచ్చని మాదిగలున్నారు. పుట్టుకతో వచ్చే రంగును చూసి కులం చెప్పలేం. కానీ పుట్టిన తరువాత ఆ చర్మం ఎన్ని వేల గంటలు ఎండలో నిలబడాలో మాత్రం కులం చాలా వరకు నిర్ణయించింది. భూమి ఎవరిది, కూలి ఎవరిది అన్న ప్రశ్నకు వచ్చే జవాబే ఎండ ఎవరిది అన్నదానికీ వస్తుంది.

మా విభాగంలో ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. నల్లజాతి ఆత్మగౌరవ ఉద్యమాల మీద సెమినార్లలో అనర్గళంగా మాట్లాడుతుంది. కిందటి చలికాలంలో రెండు వారాలు కనిపించలేదు. తరువాత ముఖానికి చున్నీ చుట్టుకుని నా గదికి వచ్చింది. చున్నీ తీస్తే ముఖమంతా కందిపోయి ఉంది, చెంపల మీద సన్నని ఎర్రని రక్తనాళాలు దారాల్లా తేలి ఉన్నాయి. ‘‘మచ్చలు పోతాయని రాశాను మేడమ్. మొదటి నెల అద్భుతంగా ఉంది. ఇప్పుడు ఆపితే మంట, రాస్తే మంట’’ అంది. హాస్టలు దగ్గరి మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చిన ట్యూబు అది. వెనక చిన్న అక్షరాలలో మూడు పేర్లున్నాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటసోన్. మూడోది స్టెరాయిడ్. ఈ స్థితి మన దేశంలో ఎంతగా పెరిగిందంటే, ముఖానికి స్టెరాయిడ్ చేసే ఈ చెరుపుకు వ్యాధిపేరు పెట్టింది భారతీయ చర్మవైద్యులే. ఇటువంటి స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది. ఆ ఉత్తర్వు ఆ దుకాణం దాకా రాలేదు.

ఆ అమ్మాయిని బాధపెట్టింది మంట ఒక్కటే కాదు. నల్లదనాన్ని గౌరవించాలని పొద్దున మాట్లాడి, రాత్రి తలుపు వేసుకుని క్రీము రాసుకున్నానన్న సిగ్గు కూడా. ‘‘మీరైతే రాసుకోరు కదా మేడమ్’’ అంది. నా సంచిలో డాక్టరు రాసిచ్చిన ట్యూబు ఉంది. తీసి బల్ల మీద పెట్టాను.

మచ్చను తగ్గించుకోవాలనుకోవడం, రంగును మార్చుకోవాలనుకోవడం ఒకటేనా? కావని నా వాదన. పొలంలో కాలికి దిగిన ముల్లును తీసుకోవడం పొలాన్ని అవమానించడం కాదు. అయితే బజారు ఈ రెండు కోరికలనూ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతుంది. కాబట్టి డబ్బాలో ఏముందో చదవడం రాజకీయ చైతన్యంలో భాగమే అవుతుంది. నేను వైద్యురాలిని కాను, సమాజశాస్త్రం చెప్పుకునేదాన్ని. ఆ సంఘటన తరువాత కొన్ని నెలలు ఈ పదార్థాల చరిత్ర చదివాను. చదివే కొద్దీ అది నా శాస్త్రంలోకే వచ్చి చేరింది.

1939లో అమెరికాలోని ఒక తోళ్ల కర్మాగారం గురించి వైద్యులు ఒక నివేదిక ప్రచురించారు. రబ్బరు చేతితొడుగులు వేసుకుని పనిచేసే కార్మికుల చేతులు, ముంజేతులు రంగు కోల్పోయి తెల్లబడ్డాయి. నల్లజాతి కార్మికుల చేతుల మీద ఆ తెలుపు మరీ స్పష్టంగా కనిపించింది. రబ్బరులో కలిపిన మోనోబెంజోన్ దానికి కారణం. అది హైడ్రోక్వినోన్‌కు దగ్గరి బంధువు. చర్మం రంగును రసాయనంతో తీసివేయవచ్చునని వైద్యానికి నేర్పిన మొదటి పాఠాలలో ఇది ఒకటి. మా తాత లందలో తంగేడు చెక్క వేసి తోళ్లు ఊనేవాడు. చేతితొడుగులంటే ఏమిటో ఆయనకు తెలియదు. సముద్రాల అవతల తోలు పని చేసేవారి చేతుల మీద జరిగిన ప్రమాదం, ముఖాన రాసుకునే సౌందర్య సాధనాల దారి పట్టిందని తెలిసి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆ తరువాత 1975 దగ్గర ఆగాను. ఆ ఏడాది అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ మరొక వైద్యునితో కలిసి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, స్టెరాయిడ్ కలిపి చర్మం రంగు తీసే మిశ్రమాన్ని ప్రకటించాడు. మా విద్యార్థిని ట్యూబుకు మూలపురుషుడు అదే. ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో 1951 నుంచి 1974 దాకా ఖైదీల చర్మం మీద ఎన్నో పదార్థాలను పరీక్షించినవాడు ఇతడే; వారిలో అత్యధికులు నల్లజాతివారు. ఆ నగర ప్రభుత్వం క్షమాపణ చెప్పడానికి 2022 రావలసి వచ్చింది. అదే 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి ఒక కొలబద్ద తయారుచేశాడు. మొదట అందులో ఉన్నవి తెల్లచర్మంలోని తేడాలే. గోధుమ, నలుపు చర్మాలు తరువాత అయిదు, ఆరు అంకెలుగా చేరాయి. అదే సంవత్సరం మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ బజారుకు వచ్చింది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికా వైద్యులు హైడ్రోక్వినోన్ క్రీములు ఏళ్ల తరబడి వాడిన నల్లజాతి స్త్రీల ముఖాలపై నీలినలుపు మరకలు గడ్డకట్టడాన్ని నమోదు చేశారు. ఓక్రోనోసిస్ అంటారు దాన్ని. తెలుపు కోసం రాసిన మందు తిరిగిరాని నలుపునిచ్చింది. వైద్యులు, ఉద్యమకారులు కలిసి పోరాడిన ఫలితంగా 1990లో ఆ దేశం హైడ్రోక్వినోన్ సౌందర్య సాధనాలను నిషేధించింది. జాతివివక్షకు వ్యతిరేకంగా పోరాడుతున్న ప్రజలు ఒక క్రీము డబ్బాను చిన్న విషయమని వదిలిపెట్టలేదు.

ఇక పదార్థాల సంగతి. ముందుగా ఒక జీవశాస్త్ర సత్యం. రంగునిచ్చే మెలనోసైట్ కణాల సంఖ్య అన్ని రంగుల మనుషులలోనూ దాదాపు సమానమే. ఆ కణాలు తయారుచేసే మెలనిన్ రేణువుల పరిమాణం, రకం, అవి చర్మంలో పరుచుకునే తీరులోనే తేడా. ముదురు చర్మంలో ఆ కణాలు చురుకైనవి. ఎండ తగిలినా, గీరుకున్నా, మొటిమ చితికినా, ఘాటైన పదార్థం రాసినా వెంటనే మరింత మెలనిన్ పోస్తాయి. అందుకే నిమ్మరసం, వంటసోడా, గరుకు గుజ్జులతో రుద్దడం మన చర్మానికి మచ్చ తీసే పని కాదు, మచ్చ వేసే పని. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలినట్టు కమిలి నల్లబడుతుంది. పైగా తెల్లవారి ముఖాల మీద కనిపించే ఎండ మచ్చలు మనలో తక్కువ. మనం ఎండ మచ్చ అనుకునేది చాలాసార్లు మంగు అయి ఉంటుంది, లేదా పాత గాయపు గుర్తు అయి ఉంటుంది. నా చెంప మీద రెండూ కలిసి ఉన్నాయని డాక్టరు చెప్పారు. ఏది ఏదో తెలియకుండా మందు ఎంచుకోవడం వృథా. అరికాలిలోనో, గోరు కిందనో కొత్తగా పుట్టి పెరుగుతున్న నల్లమచ్చ అయితే క్రీముల జోలికి పోకుండా వెంటనే వైద్యునికి చూపించాలి.

నాకు అన్నింటికన్నా నచ్చిన పదార్థం అజెలాయిక్ ఆమ్లం. దీని కథ శోభి మచ్చలతో మొదలవుతుంది. శోభికి కారణమైన శిలీంధ్రం చర్మం మీద ఇటువంటి ఆమ్లాలను తయారుచేస్తుందనీ, ఆ తెల్లమచ్చలకు అవి కారణం కావచ్చుననీ 1970లలో రోములో పరిశోధకులు గమనించారు. అక్కడి నుంచి అది మందు అయింది. అతిగా పనిచేస్తున్న మెలనోసైట్‌లనే ఇది ప్రధానంగా అణచుతుంది. మామూలుగా ఉన్న కణాల మీద దీని ప్రభావం స్వల్పం. మచ్చ వేరు, రంగు వేరు అన్న నా వాదన ఈ అణువుకు నాకంటే ముందే తెలుసు. ఇరవై శాతం లేపనం దొరుకుతుంది. మొదటి వారాలలో చిమచిమ, దురద ఉంటాయి. గర్భిణులకూ సాధారణంగా దీన్ని ఇస్తారు. ఫలితానికి మూడు నాలుగు నెలలు ఓపిక పట్టాలి.

నియాసినమైడ్ అంటే విటమిన్ బీ3 రూపం. తయారైన మెలనిన్ పై కణాలకు చేరకుండా అడ్డుకుంటుంది. నాలుగైదు శాతం చాలు, అంతకు మించి డబ్బా మీద పెద్ద అంకె ఉన్నంత మాత్రాన మేలు పెరగదు. దశాబ్దాల పాటు ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మింది ఈ పదార్థాన్నే. పాపం ఆ విటమినుది కాదు. ఉద్యోగం రాని నల్లపిల్లకు తెల్లబడగానే ఉద్యోగం వచ్చిందని చెప్పిన ప్రకటనది. 2020లో ఆ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరు మార్చుకోవడానికి అమెరికాలో ఒక నల్లజాతి మనిషి పోలీసు మోకాలి కింద చనిపోవలసి వచ్చిందే తప్ప, మన పెళ్లి ప్రకటనలు చదివి ఎవరూ సిగ్గుపడలేదు.

విటమిన్ సీ పనిచేస్తుంది కానీ గాలి తగిలితే పాడైపోతుంది, సీసాలో గోధుమరంగుకు తిరిగితే పారవేయవలసిందే. కోజిక్ ఆమ్లం కొందరికి దద్దురు తెస్తుంది, దద్దురు తగ్గాక మళ్లీ మచ్చే. ట్రానెక్సామిక్ ఆమ్లం అధిక రక్తస్రావానికి వాడే మందు. లేపనంగా పరవాలేదు కానీ మాత్రలుగా మింగితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నవారికి ముప్పు, వైద్యుని పరీక్ష లేకుండా తాకరాదు. ట్రెటినాయిన్ వంటివి గర్భిణులకు పనికిరావు. హైడ్రోక్వినోన్ శక్తిమంతమైనదే, దాన్ని దయ్యంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. మచ్చ మీద మాత్రమే, కొద్ది నెలలే, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి. స్టెరాయిడ్ కలిసినదాన్ని సొంతంగా ముఖానికి రాయనే రాయవద్దు. రాస్తూ ఉన్నవారు హఠాత్తుగా ఆపకుండా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

చివరిది పాదరసం. చిరునామా లేని డబ్బాలలో, వారంలో తెలుపు అని ఆశపెట్టే క్రీములలో ఇది ఉంటుంది. రాసి ఉంటే మెర్క్యురీ, కాలోమెల్ అన్న పేర్లతో ఉంటుంది, చాలాసార్లు రాసే ఉండదు. చర్మం గుండా లోపలికి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురంలో వైద్యులు ఈ మధ్యనే ఇటువంటి క్రీములు వాడినవారిలో మూత్రపిండాల వ్యాధిని గుర్తించి ప్రచురించారు.

ఇవన్నీ సరిగా ఎంచుకున్నా, ఎండ ఆగకపోతే ఏ లేపనమూ నిలవదు. ఇక్కడే నా జ్ఞానమంతా తలవంచింది. ముదురు చర్మాన్ని అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనిపించే నీలికాంతి కూడా నల్లబరుస్తుంది. దాన్ని ఆపాలంటే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, మన చాయకు సరిపడే రంగు సన్‌స్క్రీన్ కావాలి. ముఖానికీ మెడకూ రెండు వేళ్ల పొడవున పిండుకోవాలి, చెమట పట్టే పనిలో రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆ లెక్కన నాలుగైదు వందల రూపాయల ట్యూబు ఒక కూలి మనిషికి రెండు వారాలు రాదు. నేను రాసుకోగలను. నాకు ఇప్పుడు అంతగా అవసరం లేదు. అవసరమున్నవారికి చేలో నీడ కావాలి, పని గంటలు పొద్దున సాయంత్రాలకు మారాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పని స్థలంలో తాగునీరు, విశ్రాంతి వేళలకూ పిల్లలకూ నీడ ఉండాలని షెడ్యూలులో రాసింది. నీడ చట్టంలోకి ఎక్కడం చిన్న విషయం కాదు. కానీ అది ప్రభుత్వ పని స్థలానికి రాసిన మాట. ఆసామి మిరప చేనుకు అటువంటి షెడ్యూలు లేదు.

మా విద్యార్థిని ముఖం ఇప్పుడు చాలా వరకు కుదుటపడింది. ఆరు నెలలు పట్టింది. నా మచ్చ సగం తగ్గింది, చుట్టూ ఉన్న నా రంగు అలాగే ఉంది. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు అమ్మకు ఒక ట్యూబు తీసుకెళ్లాను. ‘‘ఎంతే ఇది?’’ అంది. చెప్పాను. ‘‘ఒక రోజు కూలి’’ అంది. ఆమె ఇప్పుడు చేలోకి పోవడం లేదు, షెడ్డులో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. అరవై అయిదేళ్లకు నీడపట్టున పని దొరికింది. ట్యూబును తను ఉంచుకోకుండా ఇంకా కోతలకు వెళుతున్న మా చిన్నమ్మకు ఇచ్చేసింది.

చిన్నమ్మ వారం తరువాత ఫోను చేసింది. ఎండలోకి పోయే ముందు రాయాలా, వచ్చాక రాయాలా అని అడిగింది. వచ్చాక, రాత్రి పడుకునే ముందు అన్నాను. ‘‘మరి పగలు?’’ అంది. తువ్వాలు చెంపల మీదికి లాగి, కళ్లు మాత్రమే కనిపించేలా కట్టుకోమన్నాను. అలా కడితే ఊపిరాడదు, చెమటకు కిందికి జారి కళ్లకు అడ్డంపడితే కాయ కనపడదు అంది.